నేపుల్స్ అఖాతం ఒడ్డున పది రోజులు

ఈమధ్య మన సంఘం సమావేశాల్లోనూ, పెళ్ళి పందిళ్ళలోనూ తరచుగా వినబడుతున్న మాట "మేం కూడా యూరప్ వెళ్ళొచ్చామండీ" అన్నది. సంతోషమే. అయితే ఏమేం చూశారని అడిగితే పది రోజుల్లో ఏడు దేశాల పేర్లు ఏకబిగిన చెప్పేస్తారు. ఆ వెంటనే మోకాళ్ళ సంగతి, తెల్లవారుజామున ఐదింటికే లేచి సామాన్లు బస్సెక్కించిన సంగతి చెబుతారు. ఫోటోలు తిరగేస్తే తప్ప ఏ ఊళ్ళో ఏది చూశారో వాళ్ళకే గుర్తుకు రాదు. జీవితమంతా క్యాష్ కౌంటర్ దగ్గరో, మగ్గం దగ్గరో, దుకాణం గల్లా దగ్గరో కూర్చున్నవాళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళయ్యాక మొదటిసారి తమ కోసం నాలుగు లక్షలు ఖర్చుపెట్టుకుంటున్నారు. ఆ డబ్బుతో కొనుక్కోవలసింది ఆయాసం కాదు, విశ్రాంతి అని నా అభిప్రాయం.

అంచేత ఈ వ్యాసంలో ఏడు దేశాల మాట ఎత్తను. ఒకే దేశంలో, ఒకే అఖాతం చుట్టూ, మూడంటే మూడు బసలతో పది రాత్రులు గడపడం ఎలాగో రాస్తాను. దేశం ఇటలీ. చోటు మధ్యధరా సముద్రం మీద నేపుల్స్ అఖాతం, దానికి దక్షిణాన అమాల్ఫీ తీరం, ఎదురుగా ఇస్కియా, ప్రోచిదా, కాప్రి అనే మూడు దీవులు. మా ఆవిడా నేనూ ఒక సెప్టెంబరులో వెళ్ళి వచ్చాం. మాకు ఉపయోగపడిన విషయాలు మీకూ ఉపయోగపడవచ్చు.

ముందు ఎప్పుడు వెళ్ళాలన్నది తేల్చుకోవాలి. జులై, ఆగస్టు వద్దు. మన పిల్లల సెలవులు కాకపోయినా ఇటలీవాళ్ళ సెలవులు అప్పుడే. ఆగస్టు 15 వాళ్ళకు పెద్ద పండుగ, ఫెర్రగోస్తో అంటారు. దేశమంతా సముద్రం ఒడ్డునే ఉంటుందా అనిపించేంత జనం. గదుల అద్దెలు ఆకాశాన్నంటుతాయి, బస్సుల్లో నిలబడడానికి చోటుండదు. మే నెల, జూన్ మొదటి రెండు వారాలు, మళ్ళీ సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మంచి సమయం. మేలో కొండలు పచ్చగా ఉంటాయి గాని నీళ్ళు చల్లగా ఉంటాయి. వేసవి వేడిని దాచుకున్న సముద్రం సెప్టెంబరులో స్నానానికి హాయిగా ఉంటుంది. అక్టోబరు నడుస్తున్నకొద్దీ వానలు మొదలవుతాయి, తీరం వెంబడి తిరిగే పడవలు తగ్గిపోతాయి. పింఛనుదారులకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. సెప్టెంబరులో వెళ్ళి వస్తే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి నిశ్చింతగా ఇంట్లో ఉండవచ్చు.

వీసా గురించి కంగారు పడవలసింది లేదు గాని క్రమశిక్షణ కావాలి. ఇటలీకి కావలసింది షెంగెన్ వీసా. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. ఆ 15 రోజులను నమ్ముకోకుండా రెండు మూడు నెలల ముందే పని కానివ్వండి. పెద్దవాళ్ళకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, దానికి తోడు దరఖాస్తు కేంద్రం వాళ్ళ సేవా రుసుము. పాస్‌పోర్టు గత పదేళ్ళలో జారీ అయినదై ఉండాలి, మీరు తిరిగి బయలుదేరే తేదీ తరువాత కనీసం 3 నెలలు చెల్లుబాటు కావాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. 30,000 యూరోలకు తక్కువ కాకుండా వైద్య బీమా తప్పనిసరి. బీమా కాగితం కొనేటప్పుడు బీపీ, షుగరు ఉన్న సంగతి దాచకండి. దాచి కొన్న పాలసీ ఆసుపత్రిలో అవసరమైన రోజున ఒట్టి కాగితమే అవుతుంది. యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలవారికి ఈ గొడవేదీ లేదు, వాళ్ళు ఈ పేరా దాటేయవచ్చు.

బ్యాంకు మనిషిని గనుక స్టేట్‌మెంట్ గురించి ఒక్క మాట. వీసా అధికారి చూసేది మీ ఖాతాలో ఎంత ఉందన్నది మాత్రమే కాదు, ఆ డబ్బు అక్కడికి ఎలా వచ్చిందన్నది కూడా. నెల నెలా జీతమో పింఛనో పడుతూ, కరెంటు బిల్లు, బీమా ప్రీమియం పోతూ, నిలకడగా మూడు లక్షలున్న ఖాతా నమ్మకం కలిగిస్తుంది. దరఖాస్తుకు వారం ముందు బావమరిది దగ్గర చేబదులు తెచ్చి ఐదు లక్షలు ఒకేసారి జమ వేస్తే ప్రశ్నలు పుడతాయి. ఫిక్సెడ్ డిపాజిట్లు ఉంటే వాటి రసీదులు జత చేయండి. ఆదాయపు పన్ను రిటర్నులు కూడా పెట్టండి.

ఖర్చు లెక్క ఇలా వేసుకున్నాను. తేలికగా ఉండడానికి యూరో 100 రూపాయలనుకుందాం. బెంగుళూరు, ముంబయి, చెన్నైల నుంచి రోముకు రానుపోను విమానం ఇద్దరికీ లక్షా పాతిక వేల నుంచి లక్షన్నర. సీజను కాని రోజుల్లో శుభ్రమైన మధ్యతరగతి గది రాత్రికి 110 యూరోల లెక్కన 10 రాత్రులకు లక్షా పదివేలు. భోజనాలు ఇద్దరికీ రోజుకు 60 యూరోలు, అంటే 60 వేలు. రైళ్ళు, పడవలు, బస్సులు, ప్రవేశ రుసుములు కలిపి 40 వేలు. వీసా, బీమా, చిల్లర మల్లర 30 వేలు. మొత్తం మూడు లక్షల అరవై అయిదు వేల నుంచి మూడు లక్షల తొంభై వేలు. ఇది నా అంచనా, మీ అలవాట్లను బట్టి అటూ ఇటూ అవుతుంది. హోటళ్ళవాళ్ళు మనిషికి రాత్రికి ఇంతని ఊరి పన్ను విడిగా వసూలు చేస్తారు, ఎక్కువచోట్ల నగదే అడుగుతారు. అదీ కలుపుకోండి.

ఈ డబ్బు కోసం పర్సనల్ లోను తీసుకోవద్దు. ఇంటికో, చదువుకో అప్పు చేస్తే వెనక ఆస్తో, ఉద్యోగమో మిగులుతుంది. సెలవుల కోసం చేసిన అప్పు, తిరిగొచ్చాక మూడేళ్ళపాటు ప్రతి అయిదో తారీఖున సెలవుల ఆనందాన్ని తినేస్తుంది. నెలకు 15,000 చొప్పున 24 నెలలు రికరింగ్ డిపాజిట్ కట్టండి. కట్టింది 3,60,000. ఆరున్నర శాతం వడ్డీ వస్తే చేతికి సుమారు 3,84,000. ఆ రెండేళ్ళూ ప్రయాణం గురించి చదువుకోవచ్చు, అది కూడా సగం ఆనందం. బ్యాంకు ఉద్యోగులైన మిత్రులకు మరో హెచ్చరిక. ఎల్‌టీసీలో విదేశీ మజిలీ కలిపి పన్ను మినహాయింపు పొందడం కుదరదని సుప్రీం కోర్టు 2022 నవంబరులో స్పష్టం చేసింది. ఆ ఆశ పెట్టుకోకండి.

టూర్ కంపెనీ ద్వారా ప్యాకేజీ కొంటే బిల్లులో టీసీఎస్ అని పన్ను వేస్తారు. దాని శాతం బడ్జెట్లలో మారుతూ ఉంటుంది గనుక కట్టే రోజున ఎంతో అడిగి తెలుసుకోండి. చాలామంది అది పోయిన సొమ్మనుకుంటారు. కాదు, అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, పన్ను లేనివాళ్ళు తిరిగి తెచ్చుకోవచ్చు. కాకపోతే కొన్ని నెలలు ఆ డబ్బు మన చేతిలో ఉండదు.

బయలుదేరే ముందు కార్డు చూసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకాన్ని మనమే యాప్‌లోనో శాఖలోనో తెరిపించుకోవాలి. ఓటీపీ రావడానికి మన సిమ్ పనిచేస్తూ ఉండాలి. అక్కడ దుకాణంలో కార్డు పెట్టినప్పుడు యంత్రం రూపాయల్లో కట్టాలా, యూరోల్లో కట్టాలా అని అడిగితే కళ్ళు మూసుకుని యూరోలు నొక్కండి. రూపాయలు నొక్కితే మారకపు రేటు నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, ఆ యంత్రం వెనకున్నవాళ్ళు. వాళ్ళ లాభం అందులోనే కలిసి ఉంటుంది. చూడడానికి సౌకర్యంగా కనబడే మాట కాబట్టి చదువుకున్నవాళ్ళు కూడా అక్కడ రూపాయలే నొక్కుతుంటారు.

సరే, ఇక ప్రయాణం. రోము విమానాశ్రయం నుంచి నగరంలోని తెర్మిని స్టేషనుకు, అక్కడి నుంచి వేగరైలులో నేపుల్స్‌కు గంటా పది నిమిషాలు. దిగిన రోజునే పడవ ఎక్కాలని చూడకండి. ఒక రాత్రి నేపుల్స్‌లో నిద్రపోయి, మరునాడు పొద్దున్న రేవుకు వెళ్ళండి. రెండు రేవులున్నాయి, ఇక్కడ చాలామంది తికమక పడతారు. మోలో బెవెరెల్లో నుంచి వేగపు పడవలు, కాస్త అవతలున్న కలతా పోర్తా ది మస్సా నుంచి కార్లు కూడా ఎక్కే పెద్ద ఓడలు బయలుదేరతాయి. ఇస్కియాకు వేగపు పడవలో గంట, పెద్ద ఓడలో గంటన్నర. నేను పెద్ద ఓడనే సిఫారసు చేస్తాను. టికెట్టు తక్కువ, ఊపు తక్కువ, పైన బయట కూర్చుని వెసూవియస్ అగ్నిపర్వతం మెల్లగా వెనక్కి జరుగుతూ ఉంటే చూడవచ్చు. వేగపు పడవలో అద్దాల లోపల కూర్చోవాలి.

ఇస్కియాలో నాలుగు రాత్రులు ఉండండి. 46 చదరపు కిలోమీటర్ల ఈ దీవి అగ్నిపర్వత భూమి, మధ్యలో ఎపోమెయో కొండ. విదేశీ ప్రయాణికులందరూ కాప్రి పేరు విని అటు పోతారు గాని, ఎముకలు అరిగిన వయసువారికి దేవుడు చేసిపెట్టింది ఇస్కియా. నేల అడుగున వేడి నీళ్ళు. ఊరూరా ఉష్ణజలాల తోటలు. ఫోరియో ఊరి పక్కన ఉన్న పొసెయిదోన్ తోటలో ఒక్కొక్క కొలను ఒక్కొక్క వేడిలో ఉంటుంది, ఎదురుగా సముద్రం. పొద్దున్న వెళ్తే సాయంత్రం దాకా ఉండవచ్చు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ముందే డాక్టరుగారిని అడిగి, బాగా వేడిగా ఉన్న కొలనుల జోలికి పోకుండా ఉండాలి. మారోంతి తీరంలో ఒకచోట ఇసుకలోంచి ఆవిరి వస్తుంది, అందులో కోడిగుడ్డు పాతిపెట్టి ఉడికించుకుంటారు. దీవి చుట్టూ బస్సు తిరుగుతుంది, ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి. రాతిగుట్ట మీది అరగోనీయుల కోటకు వంతెన దారి ఉంది, పైకి లిఫ్టు కూడా ఉంది. మోకాళ్ళ వాళ్ళకు ఇంతకన్న ఏం కావాలి?

ఈ దీవికి ఇంకో ముఖం కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. 1883లో కసమిచ్చోలా ఊరిని భూకంపం నేలమట్టం చేసి 2,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 నవంబరు 26న అదే ఊరి మీద కొండచరియ విరిగిపడి 12 మంది చనిపోయారు. అవతలి ఒడ్డున పొజ్జువోలీ ప్రాంతంలో భూమి కొన్నేళ్ళుగా మెల్లగా పైకి లేస్తోంది, 2024, 2025లలో 4కు మించిన తీవ్రతతో కంపనాలు వచ్చాయి. వెళ్ళవద్దని కాదు. తుఫాను ఎరిగిన గోపాలపూరు, యానాం వాళ్ళకు ఇది అర్థమవుతుంది. ప్రకృతి బాగున్న చోటే దాని కోపమూ ఉంటుంది. నవంబరు వానల్లో వెళ్ళకపోవడానికి ఇది మరో కారణం.

ఇస్కియా నుంచి ఒక రోజు ప్రోచిదాకు వెళ్ళి రావచ్చు. నాలుగు చదరపు కిలోమీటర్ల చిన్న దీవి. 2022లో ఇటలీ సాంస్కృతిక రాజధాని గౌరవం దీనికి దక్కింది. కొర్రిచెల్లా అనే జాలరిపేటలో ఇళ్ళకు గులాబీ, పసుపు, నీలం రంగులు, వాటి ముందు వలలు. పాబ్లో నెరూడా పాత్రతో వచ్చిన 'ఇల్ పోస్తినో' సినిమా (1994) కొంత భాగం ఇక్కడ తీశారు. చూడవలసినవంటూ పెద్దగా ఏమీ లేవు. కూర్చోవడానికి వెళ్ళాలి.

కాప్రి మాటేమిటి అంటారా? వెళ్ళండి, కానీ రాత్రి బస ఖరీదు చూసుకుని పగటిపూటే వెళ్ళి రండి. రోమన్ చక్రవర్తి టిబేరియస్ క్రీ.శ. 27 నుంచి తన చివరి పదేళ్ళూ సామ్రాజ్యాన్ని ఈ రాతిదీవి మీద నుంచే నడిపాడు. 1906 నుంచి 1913 దాకా మక్సీం గోర్కీ ప్రవాసంలో ఇక్కడే ఉన్నాడు, లెనిన్ రెండుసార్లు వచ్చి ఆయనను చూసి వెళ్ళాడు. క్రొవ్విడి లింగరాజుగారి తెలుగులో 'అమ్మ' చదివిన మన తరం వారికి ఈ సంగతి తెలిస్తే దీవి ఇంకోలా కనబడుతుంది. రేవు నుంచి పైకి ఫ్యునిక్యులర్ రైలు ఉంది. అనకాప్రి నుంచి 589 మీటర్ల మోంతే సొలారో శిఖరానికి ఒక్కొక్కరే కూర్చునే వేలాడే కుర్చీలున్నాయి, నిశ్శబ్దంగా ద్రాక్షతోటల మీదుగా తీసుకుపోతాయి. నీలిగుహ గురించి అందరూ చెబుతారు. దాని ద్వారం నీటి మీద మీటరు ఎత్తే. చిన్న పడవలోకి దిగి వెల్లకిలా పడుకోవాలి, లోపల ఉండనిచ్చేది కొద్ది నిమిషాలు. అల లేస్తే మూసేస్తారు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఆ డబ్బుతో కొండ మీద నిమ్మరసం తాగితే మేలు.

ఆ తరువాత నాలుగు రాత్రులు అమాల్ఫీ తీరం. దీన్ని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొండ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతుంది. ఆ కొండను అంతస్తులుగా చెక్కి, మన కొండవాలు పొలాల్లా రాతి గట్లు కట్టి, ఒక్కొక్క గట్టు మీద నిమ్మతోట పెంచారు. కాయ మన నిమ్మకాయలా కాదు, పొడుగ్గా, దబ్బకాయకు చెల్లెలిలా ఉంటుంది. చెస్ట్‌నట్ కర్రల పందిళ్ళ కింద ఆ కాయలు వేలాడుతుంటే మా ఆవిడ నిలబడి ఊరగాయ లెక్కలు వేసింది.

బస ఎక్కడ అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. అందరూ పోసితానో అంటారు. బొమ్మల్లో అందంగా ఉండే ఆ ఊరంతా మెట్లే. రేవు నుంచి గదికి రెండువందల మెట్లు సూట్‌కేసుతో ఎక్కాక విశ్రాంతి మాట మరిచిపోవచ్చు. మీరు మయోరిలో దిగండి. ఈ తీరంలో అతి పొడవైన ఇసుక ఒడ్డు అక్కడే, దాని వెంట చదునైన నడకదారి ఉంది. ధర కూడా పోసితానోలో సగం ఉంటుంది. నేపుల్స్ నుంచి రైల్లో సలెర్నో వస్తే స్టేషనుకు దగ్గర్లోనే పడవల రేవు, అక్కడి నుంచి తీరం వెంబడి పడవలో మయోరి. ఈ పడవలు దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి. సలెర్నో దగ్గర విమానాశ్రయం కూడా 2024 జులైలో మొదలైంది.

రోడ్డు మీద కూడా ఒకసారి పోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో బూర్బోన్ రాజుల కాలంలో కొండను తొలిచి వేసిన సుమారు 50 కి.మీ. దారి ఇది. రెండు బస్సులు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్ళాల్సిన మలుపులున్నాయి. సోరెంతో వైపు నుంచి వచ్చేటప్పుడు కుడివైపు కూర్చుంటే సముద్రం కనబడుతుంది. బస్సు టికెట్లు ముందుగా 'టి' గుర్తున్న పొగాకు దుకాణాల్లో కొనుక్కుని, ఎక్కగానే యంత్రంలో ముద్ర వేయించాలి. వాంతుల మాత్ర వెంట ఉంచుకోండి. అమాల్ఫీ నుంచి పైకి రవెల్లో ఊరికి బస్సుంది. అక్కడి విల్లా రుఫోలో తోటను 1880లో వాగ్నర్ చూసి, తన 'పార్సిఫాల్' సంగీత నాటకంలోని మాయాతోట ఇదేనని సంబరపడ్డాడట. అమాల్ఫీ ఒకప్పుడు వెనిస్, జెనోవాలతో సమానంగా సముద్ర వ్యాపారం చేసిన రాజ్యం. ఇప్పుడు చిన్న ఊరు. పాత కాగితపు మిల్లును మ్యూజియంగా ఉంచారు, గుడ్డపీలికలతో కాగితం ఎలా చేసేవారో చూపిస్తారు. జీవితమంతా లెడ్జర్లలో గడిపినవాడిని గనుక నాకు అక్కడ గంట సేపు పట్టింది.

తిండికి శాకాహారులకు ఇబ్బంది లేదు. పిజ్జా పుట్టిల్లు నేపుల్సే. వంకాయ ముక్కలు వేయించి, టొమాటో, జున్నుతో పొరలుగా కాల్చే పర్మిజానా మన గుత్తివంకాయకు దూరపు చుట్టంలా ఉంటుంది. "సెన్‌జా కార్నే, సెన్‌జా పెషే" అంటే మాంసం, చేప వద్దని అర్థం. విడిగా చేప వద్దని చెప్పకపోతే కూరలో చిన్న చేపలు కలుస్తాయి, వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు. పర్మెసాన్ జున్ను తయారీలో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు, నిష్ఠగా ఉండేవాళ్ళు గుర్తుంచుకోవాలి. రాత్రి భోజనం ఏడున్నరకు ముందు దొరకదు. బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి కొంత వేస్తారు, అది మోసం కాదు, ఆచారం. ఆవకాయ తీసుకుపోవచ్చు. పాలతో, మాంసంతో చేసినవి ఐరోపా సరిహద్దు దాటనివ్వరు గనుక పాలకోవా ఇంట్లోనే ఉంచండి.

చివరి రెండు రాత్రులు మాత్రం తప్పకుండా ఒడ్డున, రైలు స్టేషనున్న ఊళ్ళో ఉండేలా చూసుకోండి. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. విమానం రేపనగా దీవిలో చిక్కుపడితే ఆ కంగారుకు పది రోజుల విశ్రాంతీ సరి. మొదట ఒక రాత్రి, చివర ఒక రాత్రి చొప్పున నేపుల్స్‌కు రెండు రాత్రులు, ఇస్కియాకు నాలుగు, మయోరికి నాలుగు – పదీ సరిపోతాయి. వీలయితే మయోరిలో ఒక రాత్రి తగ్గించి దాన్ని నేపుల్స్‌కు కలపండి, ఎందుకంటే నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో మనవాళ్ళు చూడవలసింది ఒకటుంది.

క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై బూడిదలో పూడ్చిన పాంపేయీ నగరంలో, 1938లో తవ్వుతుండగా ఒక దంతపు బొమ్మ బయటపడింది. జానెడు కంటె కాస్త ఎక్కువ ఎత్తు. మెడలో హారాలు, కాళ్ళకు నిండా కడియాలు, పక్కన ఇద్దరు చిన్న చెలికత్తెలు. చూడగానే మనదని తెలిసిపోతుంది. దీన్ని పాంపేయీ లక్ష్మి అంటారు, యక్షి అని మరికొందరి మాట. ఇలాంటి దంతపు బొమ్మలే మహారాష్ట్రలో జాల్నా దగ్గరి భోకర్దన్‌లోనూ, తేర్‌లోనూ దొరికాయి. అంచేత ఇది శాతవాహనుల దక్కనులో తయారై, ఓడెక్కి అంత దూరం వెళ్ళిందని పలువురు పండితుల అభిప్రాయం. షోలాపూరు మన పద్మశాలీ కుటుంబాలకు తేర్ పొరుగూరే కదా. దక్కను నుంచి సరుకు అమ్మి పొట్టపోసుకోవడానికి దూరదేశం పోవడం ఇవాళ మొదలైంది కాదన్నమాట.

ఆ మ్యూజియానికి మంగళవారం సెలవు. ప్రదర్శనల కోసం వస్తువులను ఒక్కోసారి బయటికి పంపుతుంటారు గనుక, టికెట్టు కొనే ముందు కౌంటరులో లక్ష్మి ఉందో లేదో అడిగి వెళ్ళండి.